కట్ట విప్పొచ్చా టీచర్?

చిన్నపిల్లలకు చదువు చెప్పబోయేవారికి తర్ఫీదు ఇచ్చే కళాశాల అది. లెక్కలు ఎలా బోధించాలో నేర్పే మేడమ్ కొత్తగా చేరిన విద్యార్థుల ముందు నిలబడి, "లెక్కలనగానే మీకు మొదట ఏం గుర్తొస్తుంది?" అని అడిగారు.

"చెమటలు మేడమ్!" అన్నాడు వెనక బెంచీలోంచి ఒకడు.

"మా మాస్టారి చేతిలో బెత్తం," అంది మరో అమ్మాయి.

గదంతా నవ్వులు. ఆ నవ్వుల మధ్య కిటికీ పక్కన కూర్చున్న ఒక సన్నపాటి పిల్ల లేచి నిలబడింది. పొద్దున లేచింది మొదలు కిచకిచలాడుతూనే ఉంటుందని హాస్టల్లో అందరూ ఆమెను పిచ్చుక అంటారు. మనమూ అలాగే పిలుద్దాం.

"నాకు పుట్టుకతోనే లెక్కలు రాలేదు మేడమ్. మా అమ్మకీ రావు, అమ్మమ్మకీ రావు. మా వంశంలోనే లేవు," అంది పిచ్చుక. ఈసారి నవ్వులు మరీ గట్టిగా వినబడ్డాయి. పిచ్చుక కూడా నవ్వింది.

"మరి రేపు పిల్లలకు ఎలా చెప్తావమ్మా?" అన్నారు మేడమ్.

"చిన్నపిల్లల లెక్కలేగా మేడమ్! కూడికలూ తీసివేతలూ. నాకు చెప్పిన పద్ధతే వాళ్లకీ చెప్తాను. బుర్ర ఉన్నవాడికి ఎక్కుతుంది."

"లేదని నువ్వనుకున్నవాడికి?"

"వాడిని పాపం ఏడిపించకూడదు మేడమ్. వదిలెయ్యాలి. నన్నూ ఒక టీచరు అలాగే వదిలేశారు. ఆవిడని తలుచుకుని ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను."

హాస్టల్లో పిచ్చుక గదిలోనే ఉండే మరో అమ్మాయికి ఈ మాటలు నచ్చలేదు. బడిలో ఏనాడూ లెక్కల్లో మొదటి స్థానం వదలని పిల్ల. తోటివాళ్లు ఆమెకు లెక్కల పులి అని పేరు పెట్టారు. "బుర్రతో పనేముంది మేడమ్? లెక్కలంటే రూల్సు. రూలు నోటికొస్తే ఎవడైనా చేస్తాడు," అంది పులి.

"ఆ రూలు ఎందుకలా ఉంది?" అన్నారు మేడమ్.

"ఎందుకేంటి మేడమ్? అదంతే!"

ఎవరు ఏ జవాబు చెప్పినా "ఎందుకు?" అనడం మేడమ్‌కు అలవాటు. వారం తిరక్కుండానే విద్యార్థులు ఆమెకు 'ఎందుకు' మేడమ్ అని పేరు పెట్టేశారు.

చదువుకున్నవాళ్లు నలుగురు చేరిన చోట ఇలాంటి నవ్వు మనందరమూ విన్నదే. "నాకు చదవడం రాదు" అని చెప్పుకోవాల్సి వస్తే సిగ్గుతో తలదించుకుంటాం. "నాకు లెక్కలు రావు" అని మాత్రం పెళ్లిపందిట్లో కూడా హాయిగా చెప్పుకుంటాం. అందులో తప్పేముంది అనిపించవచ్చు. కానీ ఆ గదిలో నవ్వినవాళ్లు రేపు పసిపిల్లల ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడబోతున్నారు. తమ మీద తాము చెప్పుకున్న తీర్పును వాళ్లు ఆ పిల్లల మీద కూడా చెప్పగలరు. పిచ్చుక విషయంలో జరిగిందదే.

చలికాలం మొదలవుతుండగా విద్యార్థులను బోధనాభ్యాసానికి బడులకు పంపారు. పిచ్చుకా పులీ ఒకే బడిలో పడ్డారు. బస్సు డిపో వెనక వీధిలో పాత రెండంతస్తుల భవనం. పిచ్చుకకు మూడో తరగతి, పులికి నాలుగు. రెండు తరగతులకూ మధ్య ఒక చెక్క అడ్డు మాత్రమే ఉంది. అటువైపు పులి ఎక్కాలు చెప్పిస్తుంటే ఇటువైపు పిల్లలు కూడా తెలియకుండానే గొంతు కలిపేవారు.

తీసివేతల పాఠం వచ్చింది. పిచ్చుక ఎంతో ఉత్సాహంగా బోర్డు మీద యాభై రెండు వేసి, దాని కింద ఇరవై ఏడు వేసింది.

"రెండులోంచి ఏడు పోతుందా? పోదు. గుర్తుపెట్టుకోండి, చిన్నదాంట్లోంచి పెద్దది తియ్యలేం. అందుకని పక్కింటి ఐదు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకోవాలి. అప్పుడు రెండు పన్నెండు అవుతుంది, ఐదు నాలుగవుతుంది."

ముందు వరసలో రెండు జడలకూ పచ్చ రిబ్బన్లు కట్టుకున్న పిల్ల చెయ్యెత్తింది. "అప్పు మళ్లీ ఎప్పుడిచ్చేస్తాం టీచర్?"

"ఇవ్వక్కర్లేదు."

"ఊరికే తీసేసుకుంటామా?"

పిల్లలందరూ గొల్లున నవ్వారు. చెక్క అడ్డు అవతల ఎక్కాలు ఆగిపోయాయి. పిచ్చుక ముఖం ఎర్రబడింది. "ఎదురు ప్రశ్నలొద్దు. నేను చెప్పినట్టు చెయ్యి," అంది. అయితే నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. ఒకటి అప్పు తెస్తే రెండు మూడు కాకుండా పన్నెండు ఎందుకవుతుందో కూడా ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

ఆ రిబ్బన్ల పిల్ల పలక మీద ముప్పై ఐదు అని వేసింది. పిచ్చుక కొట్టేసి, పద్ధతి మళ్లీ చెప్పింది. మర్నాడు అరవై ఒకటిలోంచి ముప్పై నాలుగు తియ్యమంటే ముప్పై మూడు అని వేసింది. మళ్లీ కొట్టేసింది, మళ్లీ చెప్పింది, కాస్త గొంతు పెంచి చెప్పింది. పిల్ల తల ఊపుతుంది, వింటుంది, మళ్లీ తప్పే వేస్తుంది. చదవడంలో చురుకు, పాటలో చురుకు. తీసివేత దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఇదీ తంతు.

హాస్టల్లో బట్టలు మడతపెట్టుకుంటూ పిచ్చుక ఈ సంగతి చెప్పింది. "నా తలనొప్పంతా ఆ పిల్లతోనేనే."

"రూలు వందసార్లు చెప్పించు. రాకపోతే వదిలెయ్యి. నీకెందుకే అంత బెంగ?" అంది పులి.

"దానికి లెక్కలు లేవే. నాలాంటిదే పాపం," అంది పిచ్చుక. ఆ మాటలో నిజంగానే జాలి ఉంది.

ఆ బడిలో ఒక ఏర్పాటు ఉంది. లెక్కలు రావని టీచరు తేల్చిన పిల్లలను లెక్కల పీరియడులో వెనక గదికి పంపి, బొమ్మలకు రంగులు వేసుకోమంటారు. పిల్లలు ఏడవరని, తరగతి సాగిపోతుందని హెడ్మాస్టరు మంచి మనసుతోనే పెట్టిన ఏర్పాటు. వెనక గదికి వెళ్లిన పిల్లలు పైతరగతుల్లో కూడా అక్కడే ఉండిపోతున్నారని ఎవరూ పెద్దగా గమనించలేదు.

రిబ్బన్ల పిల్ల తండ్రి పాలవ్యాను డ్రైవరు. సాయంత్రం బడి వదిలాక పిల్లను తీసుకెళ్లడానికి బడి గేటు దగ్గరకు వస్తాడు. పిచ్చుక ఆ పిల్ల పేరు హెడ్మాస్టరుకు ఇచ్చేసి, గేటు దగ్గర తండ్రిని పక్కకు పిలిచి ఎంతో మృదువుగా చెప్పింది. "మీ పాప బంగారంలాంటి పిల్లండీ. లెక్కలు మాత్రం తలకెక్కవు. బలవంతపెట్టకండి. మిగతావన్నీ బాగా చదువుతుంది."

ఆయన చేతిలోని టోపీని అటూ ఇటూ తిప్పాడు. "మా ఇంట్లో ఎవరికీ రావులెండి మేడం. దానికెక్కడి నుంచి వస్తాయి? మీరు చెప్పారుగా, ఇంక దాన్ని ఏమీ అనం," అన్నాడు.

ఒక మంచి పని చేశానన్న తృప్తితో పిచ్చుక బస్సెక్కింది.

మర్నాడు లెక్కల పీరియడు మొదలయ్యేసరికి ముందు వరసలో ఆ చోటు ఖాళీగా ఉంది. పిల్లలకు పని ఇచ్చి పిచ్చుక వెనక గదిలోకి తొంగిచూసింది. పొడుగాటి బల్ల చుట్టూ అయిదారుగురు పిల్లలు. రిబ్బన్ల పిల్ల ఒక చేప బొమ్మకు నీలం రంగు వేస్తోంది. టీచరును చూసి నవ్వింది.

"నాకు లెక్కలు రావంట కదా టీచర్! నాన్న చెప్పాడు. అమ్మకీ రావంట. ఇంక నేను ఎప్పటికీ చెయ్యక్కర్లేదంట!"

పిచ్చుక గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ పిల్ల నవ్వుతున్న తీరు ఆమెకు బాగా తెలుసు. ఇన్నేళ్లుగా తను నవ్వుతున్నది అలాగే. నలుగురిలో అందరికంటే ముందు తానే "నాకు రావు" అని చెప్పేసుకుని, ఇంకెవరూ ఆ మాట అనకుండా చూసుకునే నవ్వు. బస్సు టైములు చూడాలన్నా పక్కవాళ్లను అడిగే అలవాటు, బ్యాంకులో కాగితం ముందు చెమటలు పట్టే చేతులు, ఇష్టమైన కోర్సులో లెక్కలున్నాయని దరఖాస్తే పెట్టకపోవడం, అన్నీ ఆ నవ్వు వెనకే దాక్కున్నాయి. నిన్నటిదాకా ఆ పిల్లకు అవేవీ లేవు. "అప్పు ఎప్పుడిచ్చేస్తాం?" అని అడిగిన పిల్ల అది. అటువంటి పిల్ల చేతికి తానే స్వయంగా ఈ నవ్వు ఇచ్చింది.

తరగతిలోకి తిరిగి వచ్చింది కానీ పాఠం సాగలేదు. ఆ రోజు అభ్యాసం చూడటానికి 'ఎందుకు' మేడమ్ బడికి వచ్చి స్టాఫ్‌రూములో కూర్చున్నారు. పిచ్చుక ఆమె ఎదుట నిలబడి జరిగిందంతా చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది.

"తప్పు చేశాను మేడమ్. కానీ ఏం చెయ్యాలో కూడా తెలియట్లేదు. ఎన్నిసార్లు చెప్పినా ఆ పిల్ల తప్పే చేస్తోంది."

మేడమ్ తన ముందున్న గ్లాసులోని మంచినీళ్లు ఆమెకిచ్చారు. "ఎన్నిసార్లు చెప్పావో చెప్పావు. ఎన్నిసార్లు అడిగావు?"

"ఏమని మేడమ్?"

"ముప్పై ఐదు ఎలా వచ్చిందమ్మా అని."

తప్పు జవాబును ఎలా వచ్చిందని అడగవచ్చని పిచ్చుకకు తట్టనే లేదు. తప్పంటే కొట్టేసేది. అంతే.

ఇద్దరూ వెనక గదికి వెళ్లారు. మేడమ్ గుమ్మం దగ్గర ఒక బల్ల మీద కూర్చున్నారు. పిచ్చుక పిల్ల పక్కన నేల మీద కూర్చుని, పలక మీద మళ్లీ అదే లెక్క వేసింది. పిల్ల టక్కున ముప్పై ఐదు వేసింది.

"ఇది ఎలా వచ్చిందో నాకు చెప్తావా? నేను కొట్టెయ్యను. ఊరికే తెలుసుకుందామని," అంది పిచ్చుక.

పిల్ల అనుమానంగా చూసింది. తర్వాత వేలు పెట్టి చూపించింది. "ఏడులోంచి రెండు తీస్తే ఐదు. ఐదులోంచి రెండు తీస్తే మూడు."

"పైనున్న రెండులోంచి కదా కింద ఏడు తియ్యాలి?"

"అలా తియ్యకూడదు కదా టీచర్! చిన్నదాంట్లోంచి పెద్దది తియ్యలేమని మీరే చెప్పారు. గుర్తుపెట్టుకోమన్నారు. అందుకని నేను ప్రతిసారీ పెద్దదాంట్లోంచే చిన్నది తీస్తున్నాను."

పిచ్చుక పలక వంక మళ్లీ చూసింది. పిల్ల పాఠం వినకపోవడం కాదు, బుర్ర లేకపోవడం అంతకంటే కాదు. టీచరు మాటను పొల్లుపోకుండా పట్టుకుంది. అప్పు సంగతి అర్థం కాలేదు, అడిగితే నోరు మూయించారు. అర్థమైన ఆ ఒక్క మాటనే పట్టుకుని తనకు తోచిన దారి వేసుకుంది. ఆ దారిలో ఎక్కడా తడబడకుండా నడిచింది కూడా.

మేడమ్ లేచి అలమారలోంచి ఒక డబ్బా తెచ్చి నేల మీద పెట్టారు. ఐస్‌క్రీము పుల్లలు. పదేసి పుల్లలకు రబ్బరుబ్యాండు వేసిన కట్టలు కొన్ని, విడి పుల్లలు కొన్ని. ఆమె ఇంకేమీ చెప్పకుండా మళ్లీ వెళ్లి కూర్చున్నారు.

పిచ్చుక కాసేపు ఆ డబ్బా వంక చూసింది. తర్వాత ఐదు కట్టలూ రెండు విడి పుల్లలూ పిల్ల ముందు పెట్టింది. "ఇవి యాభై రెండు. నాకు ఇరవై ఏడు ఇవ్వు."

పిల్ల రెండు కట్టలు తీసి టీచరు ఒళ్లో పెట్టింది. విడిగా ఉన్న రెండు పుల్లలూ ఇచ్చింది. ఇంకా ఐదు కావాలి. కట్టల వంక చూసింది, తన ఖాళీ చేతుల వంక చూసింది, గుమ్మం దగ్గరున్న మేడమ్ వంక చూసింది. పిచ్చుకకు పద్ధతి చెప్పెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని ఊరుకుంది. రంగులు వేస్తున్న మిగతా పిల్లలు కూడా ఒక్కొక్కరే బల్ల దిగి వచ్చి చుట్టూ చేరారు.

"టీచర్," అంది పిల్ల మెల్లగా, "కట్ట విప్పొచ్చా?"

"విప్పు!" అంది పిచ్చుక.

రబ్బరుబ్యాండు ఊడింది. పది పుల్లలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. పిల్ల అందులోంచి ఐదు ఏరి టీచరు చేతిలో పెట్టి, మిగిలినవి దగ్గరకు జరుపుకుంది. "రెండు కట్టలు... ఐదు పుల్లలు. ఇరవై ఐదు!" పలక మీదున్న ముప్పై ఐదు చూసింది. తనే చెరిపేసింది. ఆ తర్వాత గబుక్కున తలెత్తి, "అయితే అప్పు కాదా టీచర్? ఇవన్నీ మన పుల్లలే కదా! కట్ట విప్పుకున్నాం, అంతే!" అంది.

"అవునే తల్లీ. అప్పు కాదు. అన్నీ మనవే," అంది పిచ్చుక. పిల్లకు చెప్పిన ఆ మాట ఆమెకు కూడా అప్పుడే తెలిసింది. పక్కింటి నుంచి వచ్చే ఒకటి నిజానికి పది పుల్లల కట్ట! అందుకే రెండు పన్నెండు అవుతుంది! ఇన్నేళ్లూ మంత్రంలా వల్లించింది, ఎందుకో ఇవాళ కళ్లకు కనబడింది. గుండెల మీది నుంచి ఏదో పెద్ద బరువు దించినట్టయి, పిల్లల మధ్య కూర్చుని పెద్దగా నవ్వేసింది.

మధ్యాహ్నం హెడ్మాస్టరు గదికి వెళ్లింది. "సార్, నా తరగతి పిల్లల్ని వెనక గదిలోంచి తీసుకెళ్తాను."

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. "మళ్లీ ఏడిపిస్తావా అమ్మాయీ? పాఠాలెప్పుడు పూర్తవుతాయి?"

"ఆలస్యమవుతుంది సార్. కానీ ఆ పిల్లకు లెక్కలు రావని అన్నది నేను. ఎలా చేస్తున్నావని ఒక్కసారి కూడా అడక్కుండా అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోనివ్వండి."

హెడ్మాస్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సరే, నీ అభ్యాసం అయ్యేదాకా చూద్దాం," అన్నారు. ఆ మాత్రం చాలనుకుంది పిచ్చుక.

అన్నిటికంటే కష్టమైన పని గేటు దగ్గర మిగిలి ఉంది. పాలవ్యాను ఆగగానే ఆమె తండ్రికి ఎదురు వెళ్లింది. "అన్నా, నిన్న నేను చెప్పింది తప్పు. మీ పాపకి లెక్కలు వస్తాయి. నేను చెప్పిన తీరే బాగాలేదు. తను నా మాట విని, విన్నట్టే చేసింది."

ఆయనకు మొదట అర్థం కాలేదు. "అంటే మా పాప మొద్దు కాదా మేడం?"

"కాదన్నా. నేనే తొందరపడ్డాను."

ఆయన టోపీ తీసి జుట్టులోకి వేళ్లు పోనిచ్చుకున్నాడు. "నిన్న ఇంటికెళ్లి వాళ్లమ్మకి చెప్తే ఒక్క ముద్ద మింగలేదండీ. తన పోలికే వచ్చిందని ఏడుస్తూ కూర్చుంది," అన్నాడు. "ఆ మాట కాస్త మీరే వచ్చి ఆవిడకి చెప్పకూడదూ? నేను చెప్తే ఊరడించడానికి అంటున్నాననుకుంటుంది."

పిచ్చుక ఆ సాయంత్రం పాలవ్యాను ముందు సీట్లో కూర్చుని వాళ్లింటికి వెళ్లింది. దారి పొడుగునా పిల్ల కట్టలూ పుల్లలూ అంటూ తండ్రి చెవులు హోరెత్తించింది. ఇంట్లో తల్లి అంతా వింది. తర్వాత, "ఆ పుల్లలేవో నాకూ ఒకసారి చూపిస్తారా మేడం?" అంది సిగ్గుపడుతూ.

హాస్టల్లో ఈ కథంతా విన్న పులి మొదట కొట్టిపారేసింది. "పుల్లలతో ఆడుకుంటే పరీక్ష ఎవడు రాస్తాడే?" అంది. కానీ తర్వాత స్నానానికి వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఏమే, ఆ పన్నెండు ఎందుకవుతుందన్నావూ? ఇంకోసారి చెప్పు," అంది. అన్ని పరీక్షల్లో మొదటి స్థానం తెచ్చుకున్న పిల్లకు కూడా ఆ సంగతి ఎవరూ చెప్పలేదు మరి.

ఇక అంతా సాఫీగా సాగిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. యాభైలోంచి ఇరవై ఏడు తియ్యమంటే రిబ్బన్ల పిల్ల మళ్లీ తికమకపడింది. విడి పుల్లలు అసలే లేవు కదా అని చాలాసేపు కూర్చుంది. వెనక గది నుంచి వచ్చిన మరో పిల్లవాడికి పది దాకా లెక్కపెట్టడమే సరిగ్గా రాదని అప్పుడే తెలిసింది. పిచ్చుక వాడితో అక్కడి నుంచే మొదలుపెట్టింది. పాఠాలు వెనకబడ్డాయి. అయితే ఆ తరగతిలో పిల్లలు తప్పు చేస్తే పలక దాచుకోవడం మానేశారు. "నేను ఇలా చేశాను టీచర్" అంటూ పట్టుకొచ్చి చూపించేవారు. అభ్యాసం ముగిసే నాటికి హెడ్మాస్టరు వెనక గది తాళంచెవి తెచ్చి పిచ్చుకకు ఇచ్చి, "ఆ బల్ల పెద్దది, పుల్లలు పరుచుకోవడానికి బాగుంటుంది. తరగతంతా అక్కడ కూర్చోండి," అన్నారు.

విద్యార్థులందరూ కళాశాలకు తిరిగి వచ్చాక, 'ఎందుకు' మేడమ్ వాళ్ల అనుభవాలు చెప్పమన్నారు. పిచ్చుక వంతు వచ్చినప్పుడు ఆమె ఏమీ దాచలేదు. గేటు దగ్గర ఏం చెప్పిందో, వెనక గదిలో పిల్ల ఏమందో, తనకు ఏ వయసులో తీసివేత అర్థమైందో అన్నీ చెప్పింది. ఎవరూ నవ్వలేదు. కొందరు తలలు వంచుకున్నారు. వాళ్లకూ తమ తరగతుల్లో తాము వదిలేసిన పిల్లలు గుర్తొచ్చి ఉంటారు.

మేడమ్ బల్లకు ఆనుకుని నిలబడి నెమ్మదిగా మాట్లాడారు. "మీకు చిన్నప్పుడు ఎవరో ఒకరు ఒక మాట చెప్పారు. నీకు బుర్ర లేదనో, రూలు నేర్చుకుంటే చాలనో. మీరు పసివాళ్లు, నమ్మారు. అందులో మీ తప్పు లేదు. కానీ ఇప్పుడు సుద్దముక్క మీ చేతికి వచ్చింది. ఇక నుంచి మీరు చెప్పే మాటను నమ్మే పసివాళ్లు మీ ముందు కూర్చుంటారు. లెక్కలు రక్తంలో ఉండవు. రూళ్ల పుస్తకంలోనూ ఉండవు. పిల్ల తన మనసులో ఒక్కో ముక్కా పేర్చుకుంటుంది, ఒక్కోసారి వంకరగా పేర్చుకుంటుంది. ఎక్కడ వంకర పోయిందో ఆ పిల్లే మీకు చూపిస్తుంది, అడిగే ఓపిక మీకుంటే."

ఆమె అందరి ముఖాలూ చూసి అన్నారు: "ఏ పిల్లకైనా లెక్కలు రావని చెప్పబోయే ముందు, ఎలా చేశావమ్మా అని అడగండి. అలా అడగని టీచరుకు రావని తేల్చే హక్కు లేదు."